టెక్స్ట్ కన్సోల్: అక్షరాల సైజు, తెర విధానాలు

బొమ్మలు, మౌస్ లేకుండా అక్షరాలతోనే పని నడిపించే కంప్యూటర్ తెరను టెక్స్ట్ కన్సోల్ అంటారు. తెరంతా సమానమైన గళ్లు, గడికో అక్షరం. అందువల్ల అక్షరం సైజు మారిస్తే తెర మీద పట్టే వరుసల లెక్కా మారిపోతుంది. దీని చరిత్రంతా ఆ లెక్క చుట్టూనే తిరిగింది.

వరుసకు 80 అక్షరాలన్న ఆనవాయితీ 1928 నాటి ఐబీఎం పంచ్ కార్డుల నుంచి వచ్చింది. 1978లో డెక్ కంపెనీ తెచ్చిన వీటీ100 టెర్మినల్ 24 వరుసలు చూపేది. కావాలంటే వరుసకు 132 అక్షరాల విధానానికి మారేది. 1981లో ఐబీఎం పీసీతో 25 వరుసలు స్థిరపడ్డాయి. దాని మోనోక్రోమ్ కార్డులో గడి వెడల్పు 9 పిక్సెళ్లు, ఎత్తు 14. అక్షరాన్ని 8 పిక్సెళ్లలోనే గీసి, పక్కది అంటుకోకుండా తొమ్మిదోదాన్ని ఖాళీగా వదిలేవారు. పట్టికల గీతలు మాత్రం తెగిపోకూడదు కదా, వాటికి ఎనిమిదో పిక్సెల్‌నే తొమ్మిదో చోటా వేసేవారు. ఆ అక్షరాలు అంత హాయిగా కనిపించడానికి ఇంతటి శ్రద్ధే కారణం. రంగుల కార్డు సీజీఏలో గడి 8×8 మాత్రమే కాబట్టి అక్షరాలు ముతకగా ఉండేవి.

అప్పటిదాకా అక్షర రూపాలు కార్డు మీది చిప్‌లో ఉండేవి. వాటిని ప్రోగ్రాముల ద్వారా మార్చుకునే వీలు 1984లో ఈజీఏ కార్డుతో వచ్చింది. 1987 నాటి వీజీఏలో తెర ఎత్తు 400 గీతలు: అక్షరం 16 గీతలదైతే 25 వరుసలు, 8 గీతలదైతే 50. డాస్‌లో ఆన్సీ.సిస్ అనే డ్రైవరును ఎక్కించి ‘మోడ్ కాన్ లైన్స్=50’ అని కొడితే చాలు, చదవాల్సిన ప్రోగ్రాము రెట్టింపు కనిపించేది.

వీజీఏ టెక్స్ట్ విధానంలో ఒకేసారి 256 రూపాలే ఉంటాయి. 512 కావాలంటే అక్షరాలకు 16 రంగుల బదులు ఎనిమిదితో సరిపెట్టుకోవాలి. గుణింతాలు, వత్తులు ఉన్న తెలుగుకు ఆ గళ్ల పద్ధతి ఏమాత్రం సరిపోదు. అందుకే ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వారి జిస్ట్ కార్డు ఎంతో విలువైనది. ఐఐటీ కాన్పూర్‌లో పుట్టిన ఆ పరిజ్ఞానం డాస్ ప్రోగ్రాముల్లో తెలుగుతోపాటు ఇతర భారతీయ లిపులనూ చూపించగలిగింది.

లినక్స్ కూడా పీసీల మీద మొదట వీజీఏ విధానాలనే వాడుకుంది. బూట్ అయ్యేటప్పుడు ‘వీజీఏ=ఆస్క్’ అని ఇస్తే విధానాల జాబితా చూపేది. వీజీఏ లేని అమీగా, అటారీ యంత్రాల కోసం అక్షరాలను బొమ్మల్లా గీసే ఫ్రేమ్‌బఫర్ కన్సోల్ తయారైంది. అది 1999లో లినక్స్ మూలభాగమైన కెర్నెల్ 2.2 వెర్షన్‌తో పీసీలకూ వచ్చింది. ‘వీజీఏ=791’ అంటే 1024×768; 8×16 అక్షరాలతో 128 నిలువు వరుసలు, 48 అడ్డ వరుసలు. 2009లో 2.6.29 కెర్నెల్ నుంచి ఇంటెల్ గ్రాఫిక్స్‌తో మొదలుపెట్టి, తెర విధానాన్ని కెర్నెలే ఎంచుకోసాగింది.

దాంతో ఇబ్బంది తలకిందులైంది: వరుసలు చాలకపోవడం పోయి, అక్షరాలు మరీ చిన్నవైపోయాయి. 3840×2160 తెర మీద పాత 8×16 ఫాంటు 480 నిలువు, 135 అడ్డ వరుసలుగా పరుచుకుంటుంది. ల్యాప్‌టాప్ మీద కళ్లు చిట్లించినా చదవలేం. 2019లో 5.0 కెర్నెల్‌లో టెర్మినస్ 16×32 ఫాంటును చేర్చింది ఇందుకే. ‘సెట్‌ఫాంట్’ ఆదేశంతో ఫాంటును అప్పటికప్పుడు మార్చవచ్చు, కొత్త వెర్షన్లలో ‘-డి’ జోడిస్తే ఉన్న ఫాంటే రెట్టింపవుతుంది. ఆ మార్పు యంత్రం ఆపేదాకానే ఉంటుంది. డెబియన్‌లో శాశ్వతంగా ఉండాలంటే కన్సోల్-సెటప్ ప్యాకేజీ అమరికల్లో మార్చాలి.