మన గుండ్లు, వేంపల్లె రాళ్లు

దేవరయాంజాల్ చుట్టుపక్కల గ్రానైటు గుండ్ల వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూగర్భంలో కరిగిన శిలాద్రవం చల్లారి ఏర్పడినవి గనుక వీటిలో జీవుల జాడ ఉండదు. అది చూడాలంటే కడప జిల్లా వేంపల్లె వెళ్లాలి. 1872లో విలియం కింగ్ ప్రచురించిన సర్వే గ్రంథం కడప, కర్నూలు శిలలపైనే. వేంపల్లె డోలమైటు రాళ్లలో ఉల్లిపొరల వంటి వంపులు కనిపిస్తాయి. అవే స్ట్రొమటోలైట్లు. సుమారు 190 కోట్ల ఏళ్ల కిందట, లోతులేని సముద్రంలో కంటికానని సూక్ష్మజీవులు జిగురు పొరలుగా పెరిగి, ఒండ్రును పట్టి, పొర మీద పొర పేర్చినవి. మనం పీల్చే ప్రాణవాయువును గాలిలో మొదట నింపినవి అటువంటి జీవులే.

మిత్రులారా, ఆఫీసులో ఫైలు పోతే ఎక్కడో ఒక నకలు దొరుకుతుంది. ఈ రాయి క్రషరుకు పోతే నకలు లేదు. మన గుండ్లకూ అదే మాట.