సింహగిరి తోటలు – కార్తిక ధాత్రీపూజ

కార్తికమాసమున సింహగిరి చెంత తోటలో ఉసిరిచెట్టుకు పసుపుకుంకుమలర్పించి, దీపము వెలిగించి, ప్రదక్షిణము చేసి, ఆ నీడన వనభోజనము చేసితిమి. ధాత్రీవృక్షమున శ్రీహరి వసించునని పెద్దల మాట.

ఈ ఆచారమునకు ఇచ్చట చరిత్ర తోడున్నది. అప్పన్న ఆలయమునందలి ప్రాచీన శాసనములలో ఒకటి 11వ శతాబ్దినాటి కులోత్తుంగ చోళుని కాలమునకు చెందినది. రాజు కాని ఒక గృహస్థు స్వామికి తోటను సమర్పించినట్లు అది తెలుపుచున్నది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో వచ్చి ఆభరణములర్పించుటకు నాలుగు శతాబ్దుల పూర్వమే ఒక భక్తుడు చెట్లనర్పించెను!

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు విశాఖలో లెక్కకు మిక్కిలిగా చెట్లు కూలినవి. పండ్రెండు దినములకే కార్తికము వచ్చినది. చెట్టే లేనిచో దీపమెచ్చట పెట్టుదుము? కావున ఉసిరిని పూజించు ప్రతి కుటుంబము ఒక మొక్క నాటి, అది వేరూనువరకు నీరు పోయవలెను. అదియే మనము చేయదగిన తోటదానము.

శ్రీ వరాహలక్ష్మీనృసింహార్పణమస్తు.