ఇంటి దగ్గరే చదువు: చట్టం ఏమంటోంది? ఏ కాగితాలు దాచుకోవాలి?

ఏటా జూన్‌లో బడులు తెరిచే వేళకు క్లస్టర్‌ రిసోర్స్‌ పర్సన్లు ఇంటింటికీ తిరిగి బడి బయట ఉన్న పిల్లల జాబితా సిద్ధం చేస్తారు. ఆ జాబితాకెక్కేవారంతా పనులకు వెళ్లే పిల్లలే కారు. తల్లి దగ్గరో తండ్రి దగ్గరో కూర్చుని ఇంట్లోనే పాఠాలు నేర్చుకునేవారూ కొందరుంటారు. ఆటలో లేదా సంగీతంలో శిక్షణ కోసం బడి మాన్పించినవారు, బడి వాతావరణం పిల్లకు సరిపడక ఇంటికి తెచ్చుకున్నవారు, తరచూ బదిలీలయ్యే ఉద్యోగులు వీరిలో కనిపిస్తారు. 'ఇది నేరమా?' అన్నది వారి మొదటి ప్రశ్న. నేరం కాదు. అయితే హక్కుగా ఎక్కడా రాసి కూడా లేదు. ఈ రెంటికీ నడుమ ఉన్న ఖాళీలో పిల్లల భవిష్యత్తు చిక్కుకోకుండా చూసుకోవలసిన బాధ్యత తల్లిదండ్రులదే.

చట్టంలో ఉన్నదేమిటి?

2002లో జరిగిన 86వ రాజ్యాంగ సవరణ 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు విద్యను ప్రాథమిక హక్కుగా చేసింది. ఆ పిల్లలకు చదువుకునే అవకాశం కల్పించడం తల్లిదండ్రుల విధి అని కూడా అదే సవరణ చేర్చింది. దాని ఆధారంగా వచ్చిన 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్‌ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పిల్లలను సమీప పాఠశాలలో చేర్పించడం తల్లిదండ్రుల కర్తవ్యమని చట్టంలోని 10వ సెక్షన్‌ చెబుతోంది. చేర్పించకపోతే శిక్ష ఏమిటన్నది మాత్రం ఈ కేంద్ర చట్టంలో లేదు. ఇంటి చదువుకు అనుమతి కోరే దరఖాస్తు గానీ, అనుమతి ఇచ్చే అధికారి గానీ అందులో కనిపించరు.

ఇంటి వద్ద విద్య అన్న మాట ఈ చట్టంలో స్పష్టంగా ఉన్నది ఒక్క సందర్భంలోనే. తీవ్ర వైకల్యం లేదా బహుళ వైకల్యాలున్న పిల్లలు ఇంటి వద్దే విద్య పొందే మార్గాన్ని ఎంచుకోవచ్చని 2012 సవరణ పేర్కొంది. అటువంటి పిల్లలున్న కుటుంబాలు మండల విద్యాశాఖ కార్యాలయంలో గానీ, భవిత కేంద్రంలో గానీ సంప్రదించాలి. సమగ్ర శిక్ష కింద పనిచేసే ప్రత్యేక ఉపాధ్యాయుల సాయం లభిస్తుంది. మిగిలినవారికి ఈ వెసులుబాటు వర్తించదు.

అధికారులకు అనుమానం ఎందుకు?

తెలుగు జిల్లాల్లో బడి బయటి పిల్లలంటే అధికారులకు ముందుగా బాలకార్మికులే గుర్తుకొస్తారు. అందుకు కారణం ఉంది. రంగారెడ్డి జిల్లాలో 1990లలో ఎం.వి.ఫౌండేషన్‌ సాగించిన కృషి, బడిలో లేని ప్రతి బిడ్డనూ బాలకార్మికుడిగానే చూడాలన్న వాదాన్ని బలంగా నాటింది. దానికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో రామన్‌ మెగసెసే పురస్కారం లభించింది. వేలాది పిల్లలను పొలాల నుంచి బడికి చేర్చిన ఆలోచన అది. దాన్ని తప్పుపట్టవలసిన పని లేదు. ఇంటి చదువు ఎంచుకున్న కుటుంబమే తమ బిడ్డ నిజంగా చదువుతున్నట్లు చూపగలగాలి.

2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టరాదు. సొంత కుటుంబ వ్యాపారంలో సాయం చేయడానికి కూడా బడి వేళలు ముగిశాకో, సెలవుల్లోనో మాత్రమే వీలుంది. ఇంటి చదువు పేరుతో మధ్యాహ్నం పూట పిల్లవాడిని దుకాణం గల్లా దగ్గర కూర్చోబెడితే ఏ సంజాయిషీ నిలవదు.

బడి మాన్పించేటప్పుడు

హైస్కూలు నుంచైతే టీసీ, ప్రాథమిక పాఠశాల నుంచైతే రికార్డు షీటు తప్పక తీసుకోవాలి. చదివిన ప్రతి తరగతికీ స్టడీ సర్టిఫికెట్లు అప్పుడే రాయించుకోవడం మేలు. పదేళ్ల తర్వాత వెళితే ఆ ప్రైవేటు బడి ఉంటుందో, మూతపడుతుందో చెప్పలేం. పుట్టిన తేదీ, ఇంటిపేరు, పేరులోని అక్షరాలు జనన ధ్రువపత్రంలో, ఆధార్‌లో, టీసీలో ఒకేలా ఉన్నాయో లేదో సరిచూడాలి. టెన్త్‌ మెమోలో పడిన తేదీయే జీవితాంతం వెంట వస్తుంది.

ప్రతి విద్యార్థి వివరాలూ ఇప్పుడు యూడైస్‌ ప్లస్‌ పోర్టల్‌లో ఉంటాయి. ఒక బడి విడిచి మరో బడిలో చేరని పిల్లల పేర్లు అందులోని డ్రాప్‌బాక్స్‌లో నిలిచిపోతాయి. వాటిని చూసే సిబ్బంది ఇంటికి వస్తారు. అందువల్ల బిడ్డకు ఇంటి వద్దే చదువు చెబుతున్నామంటూ ప్రధానోపాధ్యాయుడికి, మండల విద్యాశాఖాధికారికి ఒక లేఖ ఇచ్చి, నకలుపై సంతకం, ముద్ర వేయించుకోవాలి. చట్టం దీన్ని అడగదు. అయినా రేపు ఎవరైనా ప్రశ్నిస్తే చేతిలో ఉండే మొదటి ఆధారం ఇదే.

పేరు ఒక బడి హాజరుపట్టీలో ఉంచి బిడ్డను ఇంట్లోనో, కోచింగ్‌లోనో కూర్చోబెట్టడం కొన్నిచోట్ల మామూలైపోయింది. అది ఇంటి చదువు కాదు, తప్పుడు హాజరు. పథకాల విషయమూ ముందే ఆలోచించుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో మొదలైన తల్లికి వందనం సాయం బడిలోనో కళాశాలలోనో చదివే పిల్లల తల్లులకే అందుతుంది. ఇంటి చదువుతో దాన్ని వదులుకున్నట్లే.

ఇరుగుపొరుగు పిల్లలను కూడగట్టి రోజంతా తరగతులు నడపడం మరో పొరపాటు. గుర్తింపు లేని పాఠశాల నడిపితే లక్ష రూపాయల వరకు, ఆపకుండా కొనసాగిస్తే రోజుకు 10 వేల వరకు జరిమానా విధించవచ్చని చట్టంలోని 18వ సెక్షన్‌ చెబుతోంది. తల్లిదండ్రులకు లేని శిక్ష ఇక్కడ ఉంది.

ఇక పుస్తకాలకు కొదవ లేదు. ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఆంధ్రప్రదేశ్‌ 2020-21 నుంచి ఒక పేజీ ఇంగ్లిషులో, ఎదుటి పేజీ తెలుగులో ముద్రిస్తోంది. ఇంగ్లిషు అంతగా రాని తల్లిదండ్రులకు ఇవి బాగా పనికొస్తాయి. పిల్లల నోటుపుస్తకాలు తేదీలతో సహా దాచి ఉంచాలి.

14 ఏళ్లు నిండాక

పదో తరగతి పరీక్షకు దారి సార్వత్రిక విద్య. 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్‌)లో 14 ఏళ్లు నిండినవారు సెకండరీ కోర్సులో చేరవచ్చు. ఎనిమిదో తరగతి ధ్రువపత్రం లేనివారికి, ఆ కోర్సు చదవగల పరిజ్ఞానం ఉందన్న స్వీయ ధ్రువీకరణ సరిపోతుంది. తెలుగు మాధ్యమమూ ఉంది. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు జరుగుతాయి, నమోదు 5 సంవత్సరాలు చెల్లుతుంది. సైన్సు తీసుకుంటే ప్రయోగాలకు అధ్యయన కేంద్రానికి వెళ్లవలసి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణ సార్వత్రిక విద్యాపీఠాలూ 14 ఏళ్లకు పదో తరగతి, 15 ఏళ్లకు ఇంటర్‌ ప్రవేశాలు ఇస్తున్నాయి.

ఇవి చెల్లవన్న అపోహ ఇంకా ఉంది. ఓపెన్‌ స్కూల్‌ విద్యార్థులను నీట్‌కు దూరం పెట్టిన నిబంధనను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. 2024లో సుప్రీంకోర్టు వద్ద కూడా వారి అర్హత ఖరారైంది. జేఈఈ మెయిన్‌కు మాత్రం ఎన్‌ఐఓఎస్‌ ఇంటర్‌లో కనీసం ఐదు సబ్జెక్టులు ఉండాలి. నాలుగే రాసి తర్వాత నాలుక కరుచుకోవద్దు.

స్థానికత దగ్గరే అసలు చిక్కు

పదేళ్లు కష్టపడి చదివించిన కుటుంబాలు చివరికి తడబడేది కౌన్సెలింగ్‌లో ధ్రువపత్రాల పరిశీలన దగ్గర. వృత్తివిద్యలో 85 శాతం సీట్లు స్థానికులకే. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగు విద్యా సంవత్సరాలు ఆ ప్రాంతంలోని విద్యాసంస్థల్లో చదివినవారిని 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు స్థానికులుగా లెక్కించింది. బడిలో చదవనివారికీ అందులో దారి చూపింది. పరీక్షకు ముందు నాలుగేళ్లు ఆ ప్రాంతంలో నివసించినట్లు చూపితే చాలు. అందుకే బడి చదువు లేని అభ్యర్థి తహసీల్దార్‌ ఇచ్చిన నివాస ధ్రువపత్రం తేవాలని ప్రవేశ ప్రకటనల్లో ఉంటుంది. దానికి కావలసినంత వ్యవధి ఎంతో ఆ ఏటి ప్రకటనలోనే చూసుకోవాలి.

తహసీల్దార్‌ కార్యాలయం నోటిమాటపై పత్రం ఇవ్వదు. ఇన్నేళ్ల రేషన్‌ కార్డు, కరెంటు బిల్లులు, ఇంటిపన్ను రసీదులు, అద్దె ఒప్పందాలు ఏడాదివారీగా దాచినవారికి పని సులువవుతుంది. తెలంగాణలో వైద్యవిద్య ప్రవేశాల స్థానికత నిబంధనలు 2024లో మారాయి, వివాదం సుప్రీంకోర్టు వరకూ వెళ్లింది. డాక్టర్‌ చదువు మనసులో ఉన్నవారు తొమ్మిదో తరగతి ఈడులోనే ఆ నిబంధనలు చదివి, అవసరమైతే బిడ్డను తిరిగి బడిలో చేర్చాలి.

తిరిగి చేర్చడం పెద్ద కష్టం కాదు. ఎన్నడూ బడికి వెళ్లని బిడ్డనైనా వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, తోటివారిని అందుకునేలా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్‌ చెబుతోంది. వయసు రుజువు లేదనో, విద్యా సంవత్సరం మొదలైపోయిందనో తిప్పి పంపడానికి వీల్లేదు. ఫీజు బకాయి పేరుతో పాత బడి టీసీ బిగపట్టినా ప్రభుత్వ బడి ప్రవేశం నిరాకరించరాదు. కాదంటే మండల విద్యాశాఖాధికారికి, అక్కడా పని కాకపోతే జిల్లా విద్యాశాఖాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు.