ఎంత గాలి కొట్టమంటావన్నా?

పోయిన చలికాలం తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తున్నాను. సూర్యాపేట దాటాక డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. గుర్రపు నాడా లాంటి బొమ్మ, మధ్యలో ఆశ్చర్యార్థకం. రోడ్డు పక్కన పంచర్ షాపు కనిపిస్తే ఆపాను. షాపాయన నాలుగు టైర్లకీ గేజి పెట్టి చూసి, "పంచర్ ఏం లేదన్నా, చాన్రోజులైంది గాలి కొట్టిచ్చక, పైన చలి. ఎంత కొట్టమంటావన్నా?" అన్నాడు.

నాకు తెలీదు. "మామూలుగా ఎంత కొడతారో అంత కొట్టన్నా" అన్నాను.

ఇంటికొచ్చాక, అసలీ దీపం ఎక్కణ్ణుంచి వచ్చిందా అని చదవడం మొదలుపెట్టాను. నేను తెలుసుకోకుండా వదిలేసిన ఆ నంబరు చుట్టూనే ఈ కథంతా తిరుగుతుందని అప్పుడు అర్థమైంది.

1990లలో అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ అనే ఎస్‌యూవీ విపరీతంగా అమ్ముడుపోయింది. చాలావాటికి ఫైర్‌స్టోన్ టైర్లుండేవి. హైవే మీద వేగంగా పోతున్నప్పుడు కొన్నిటి ట్రెడ్ పొర ఊడిపోయేది, బండి పల్టీలు కొట్టేది. 2000 ఫిబ్రవరిలో హ్యూస్టన్‌లోని ఒక టీవీ చానల్ ఈ సంగతి బయటపెట్టింది. ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. ఒక్క అమెరికాలోనే 270 మందికి పైగా చనిపోయారని ప్రభుత్వ లెక్క.

తప్పెవరిది? టైరుదని ఫోర్డ్, బండిదని ఫైర్‌స్టోన్. ఆ గొడవ మధ్యలో ఉన్న నంబరు 26. ఎక్స్‌ప్లోరర్ టైర్లలో 26 పీఎస్‌ఐ గాలి ఉంటే చాలని ఫోర్డ్ చెప్పింది. 30 ఉండాలని ఫైర్‌స్టోన్ తర్వాత అంది. గాలి తక్కువైతే ప్రయాణం మెత్తగా ఉంటుంది, కానీ టైరు పక్కగోడలు ఎక్కువగా వంగుతాయి, వేడెక్కుతాయి. ఆ వేడికి లోపలి ఉక్కు పొరల మధ్య పట్టు సడలుతుంది. చివరికి 2001 మేలో, దాదాపు వందేళ్ళ వ్యాపార బంధాన్ని ఫైర్‌స్టోనే తెంచుకుంది.

ఇంకో సంగతి గాలికి సంబంధించింది కాదు. చెడ్డ టైర్లలో చాలా భాగం ఇల్లినాయ్‌లోని డెకేటర్ ఫ్యాక్టరీవి. 1994లో అక్కడ సమ్మె మొదలైంది. జీతాల కోతలు, పన్నెండు గంటల షిఫ్టులు ఒప్పుకోమని యాజమాన్యం పట్టుబట్టింది, సమ్మె చేసినవాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళని తెచ్చిపెట్టింది. అలన్ క్రూగర్, అలెగ్జాండర్ మాస్ అనే ఆర్థికవేత్తలు 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆ గొడవల కాలంలో డెకేటర్‌లో తయారైన టైర్లే ఎక్కువగా పాడయ్యాయని అందులో చూపించారు. ఫ్యాక్టరీని 2001 చివర్లో మూసేశారు.

ఈ గొడవ నడుస్తుండగానే 2000 నవంబరులో ట్రెడ్ చట్టం వచ్చింది. టైర్లో గాలి బాగా తగ్గితే డ్రైవరుకి తెలియాలన్నది అందులో ఒక అంశం. దాన్ని అమలు చేయడం మీద మళ్ళీ పేచీ. ప్రతి చక్రంలో ఒక సెన్సర్ పెట్టడం ఒక పద్ధతి. రెండోది చవక: గాలి తగ్గిన చక్రం మిగతావాటికంటే కొంచెం వేగంగా తిరుగుతుంది కాబట్టి, బ్రేకుల కోసం ముందే ఉన్న సెన్సర్లతో పోల్చి చూడటం. కానీ నాలుగింటిలోనూ సమానంగా గాలి తగ్గితే ఈ పోలిక పనిచేయదు. ఒక్క టైరును మాత్రమే కనిపెట్టినా సరిపోతుందనే వెసులుబాటు 2002 నిబంధనలో ఉంది. పబ్లిక్ సిటిజన్ అనే సంస్థ కోర్టుకెళ్ళింది, 2003లో కోర్టు ఆ నిబంధన కొట్టేసింది. 2005లో కొత్తది రాశారు. 2007 సెప్టెంబరు నాటికి అక్కడ కొత్తగా తయారయ్యే కార్లన్నిటికీ ఈ దీపం తప్పనిసరైంది.

ఆఫీసులో నేను చేసే పనిలో అలర్టులు రాయడం కూడా ఉంది. అందుకని నా కళ్ళు నేరుగా హద్దు ఎక్కడ పెట్టారా అని వెతికాయి. కంపెనీ చెప్పిన ఒత్తిడికంటే 25 శాతం తగ్గితే దీపం వెలగాలి. కంపెనీ 26 అని చెబితే? దాదాపు 20కి పడిపోయేదాకా దీపం వెలగదు. అంటే, ఏ ప్రమాదాల వల్ల ఈ దీపం పుట్టిందో, ఆ ఎక్స్‌ప్లోరర్లలో సరిగ్గా 26 పెట్టుకుని తిరిగినవాళ్ళకి ఇది ఏమీ చెప్పేది కాదు. నంబరు తప్పేమో అని అడగడం దానికి రాదు. టైరు ఏ షిఫ్టులో, ఎలాంటి పరిస్థితుల్లో తయారైందో అసలే తెలీదు. మేం రాసే అలర్టులూ అంతే కదా. కింద ఎవరు పొరపాటు చేశారో పట్టుకుంటాయి, హద్దు పెట్టినవాణ్ణి మాత్రం ఎప్పుడూ ప్రశ్నించవు.

దీపం వద్దని కాదు. దానివల్ల చాలామంది సకాలంలో గాలి కొట్టించుకుని ఉంటారు, నాలాగే. కాకపోతే రెండు కంపెనీలూ ఒక ఫ్యాక్టరీ కలిసి చేసిన గందరగోళంలోంచి మనదాకా వచ్చింది మాత్రం "నీ టైర్లో గాలి చూసుకో" అన్న మాట ఒక్కటే.

మర్నాడు డ్రైవరు తలుపు తీసి, ఫ్రేమ్ మీద అతికించిన స్టిక్కర్ మొదటిసారి చదివాను. 33 అని ఉంది. ఈసారి ఎవరైనా ఎంత కొట్టమంటావన్నా అని అడిగితే చెప్పగలను. ఆ 33 ఎవరు, ఎందుకు నిర్ణయించారని అడిగితే మాత్రం ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.