శుక్రుణ్ణి గమనించిన విశాఖ వేధశాల

రోమన్లు ఆకాశంలో కదిలే జ్యోతులకు తమ దేవతల పేర్లు పెట్టారు. వడిగా తిరిగేదానికి దేవదూత మెర్క్యురీ పేరు, అన్నిటికన్నా మెరిసేదానికి సౌందర్యదేవత వీనస్ పేరు, ఎర్రనిదానికి యుద్ధదేవుడు మార్స్ పేరు. గ్రీకుల హెర్మిస్, ఆఫ్రొడైటి, ఏరిస్‌లే వీరు. ఆ గ్రీకు పేర్లు మన జ్యోతిషంలోకీ వచ్చాయి. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహజ్జాతకంలో కుజుణ్ణి ‘ఆర’ అనీ, శుక్రుణ్ణి ‘ఆస్ఫుజిత్’ అనీ పేర్కొన్నాడు. రెండూ గ్రీకు దేవతల పేర్లే.

అసురగురువుగా మనం కొలిచే ఆ శుక్రగ్రహాన్ని దుర్భిణితో శాస్త్రీయంగా పరిశీలించినవారు విశాఖ ప్రాంతంలోనే ఉన్నారు. అనకాపల్లి గోడే వారి జమీందారీ. ఆ వంశీయుడు గోడే వెంకట జగ్గారావు మద్రాసులో ఖగోళశాస్త్రజ్ఞుడు టేలర్ దగ్గర ఖగోళం నేర్చి, 1840 ప్రాంతంలో విశాఖపట్నంలో సొంత ఖర్చుతో వేధశాల కట్టించాడు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నిలబెట్టాడు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని నల్లని చుక్కలా దాటడాన్ని అక్కడినుంచే గమనించాడు. సూర్యుడి దూరం కచ్చితంగా లెక్కకట్టడానికి నానాదేశాల శాస్త్రజ్ఞులు ఎదురుచూసిన ఘట్టమది. తెలుగునాట ఆధునిక ఖగోళశాస్త్ర చరిత్ర రాసేవారు ఈ మామా అల్లుళ్లకు మొదటి పేజీల్లోనే చోటివ్వాలి.