మ్యాపు మీద ఒక మాట

షికాగోలో మిషిగన్ ఎవెన్యూ మీద మొదటిసారి నడిచినప్పుడు నన్ను ఆపింది ఆకాశహర్మ్యాలు కాదు. వీధికి పడమటి పక్క గోడ కట్టినట్టు వరసగా మేడలు. తూర్పు పక్క ఏమీ లేదు. గడ్డి, చెట్లు, వాటి వెనక సముద్రంలాంటి సరస్సు. ప్రతి అడుగు నేలకీ ధర కట్టడం తెలిసిన ఊరు ఇంత స్థలాన్ని ఎలా వదిలేసింది? తిరుపతి దగ్గర చెరువులు ప్లాట్లుగా మారడం చూస్తూ పెరిగినవాణ్ణి. నాకు ఆ ప్రశ్నే ముందు తట్టింది.

ఊరు వదిలేయలేదు, దానిచేత వదిలించారు. 1836లో, కాలువ తవ్వడానికి డబ్బు కావాలని కమిషనర్లు ప్లాట్లు గీసి అమ్మారు. సరస్సు ఒడ్డున ఒక సన్నటి పట్టీని మాత్రం అమ్మకుండా ఉంచి, మ్యాపు మీద ఒక మాట రాశారు. ఇది ప్రజలందరి నేల, ఏ కట్టడమూ ఏ అడ్డూ లేకుండా ఎప్పటికీ తెరిచి ఉండాలి అని. అంతే. తరవాత ఆ మాటని అందరూ మర్చిపోయారు. 1871లో ఊరు తగలబడ్డాక శిథిలాలన్నీ తెచ్చి నీళ్ళలో పోశారు, పట్టీ వెడల్పయింది. దాని మీద పాకలు, చెత్తకుప్పలు లేచాయి.

ఆ మాటని గుర్తుపెట్టుకున్నది ఆరన్ మాంట్‌గొమరీ వార్డ్ అనే వ్యాపారి. పోస్టులో సరుకులు అమ్మి కోటీశ్వరుడైన మనిషి. ఆయన ఆఫీసు సరిగ్గా ఆ పట్టీకి ఎదురుగా ఉంది. 1890లో నగరం మీద దావా వేశాడు. ఇరవయ్యేళ్ళు, రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా నాలుగుసార్లు. నాలుగుసార్లూ గెలిచాడు. ఇందులో స్వార్థం లేదనలేం. ఆయన కిటికీ, ఆయన సరస్సు. కోర్టులో పని చేసింది కూడా ఎదుటి స్థలాల యజమానిగా ఆయనకున్న హక్కే.

నన్ను ఇబ్బంది పెట్టేది వేరే సంగతి. ఆయన అడ్డుకున్నవి చెడ్డ పనులు కావు. మార్షల్ ఫీల్డ్ అనే మరో వ్యాపారి 1906లో చనిపోతూ మ్యూజియం కోసం 80 లక్షల డాలర్లు రాసిపెట్టాడు. ఆరేళ్ళలోపు స్థలం ఉచితంగా దొరకాలని షరతు. నగర పెద్దలు దాన్ని పార్కు మధ్యలో పెట్టాలనుకున్నారు. పిల్లలు చదువుకునే చోటుని కాదంటావా అని ఊరంతా వార్డ్ మీద మండిపడింది. ఆయన కాదనే అన్నాడు, కోర్టూ అదే అంది. మ్యూజియం పార్కుకి దక్షిణంగా, సరస్సులో మట్టి పోసి చేసిన నేల మీద లేచి 1921లో తెరుచుకుంది. ఇవాళ దాన్ని చూస్తే దానికేదో తక్కువైందని ఎవరికీ అనిపించదు.

తరవాత తప్పించుకునే దారులూ వెతికారు. అదే ఒడ్డున ఇప్పుడున్న ఫ్రాంక్ గెహ్రీ సంగీత వేదికని కాగితాల మీద భవనం అనలేదు, కళాఖండం అన్నారు! కొంచెం ఉత్తరాన 1968లో లేక్ పాయింట్ టవర్ అనే 70 అంతస్తుల మేడ లేచాక ఊరికి మళ్ళీ భయం పట్టుకుంది. 1973లో ఒక ఆర్డినెన్సు వచ్చింది. సరస్సు దగ్గర ఏం కట్టాలన్నా ప్లాన్ కమిషన్ ముందు బహిరంగ విచారణ జరగాలి, లేక్ షోర్ డ్రైవ్‌కి తూర్పున ఇక ప్రైవేటు కట్టడాలు వద్దు. మట్టి తవ్వకముందే అడగాల్సిన ప్రశ్న అలా ఫైల్లోకి ఎక్కింది.

ఆ ఒడ్డుకే ఇంకో కేసు ఉంది. 1869లో ఇల్లినాయ్ శాసనసభ వెయ్యి ఎకరాల పైచిలుకు సరస్సు గర్భాన్ని ఒక రైల్వే కంపెనీకి రాసిచ్చేసింది. నాలుగేళ్ళకి నాలిక కరుచుకుని రద్దు చేసింది. రైల్వే కోర్టుకెక్కింది. 1892లో అమెరికా సుప్రీంకోర్టు, ఆ నీటి అడుగు నేలని ప్రభుత్వం ప్రజల తరఫున కాపాడాలే తప్ప అమ్ముకోవడానికి లేదని చెప్పింది. నూరేళ్ళ తరవాత, 1996 డిసెంబరులో, మనాలి దగ్గర బియాస్ నది ఒడ్డున ఒక రిసార్టుకి ఇచ్చిన లీజుని మన సుప్రీంకోర్టు కొట్టేసినప్పుడు ఈ షికాగో కేసునే ఆధారంగా చూపింది. ఆ సూత్రం అక్కణ్ణించి మా ఊరికొచ్చింది.

పేరూరు చెరువు భూమిని 1991లో ఇళ్ళ కోసం టీటీడీకి, అవిలాల చెరువు భూమిని 1994లో హౌసింగ్ బోర్డుకి ఇస్తూ జీవోలు వచ్చాయి. ఇక్కడా అంతే, అడిగింది చెడ్డ పని కాదు. జనానికి ఇళ్ళు. చెరువులు వాడకంలో లేవు కదా అన్నది ప్రభుత్వ వాదన. చెరువులోకి నీళ్ళు తెచ్చే వంకలు మూసుకుపోతే చెరువు వాడకంలో ఎందుకుంటుంది, అది వేరే మాట. ఇంటలెక్చువల్స్ ఫోరమ్ అనే స్థానిక సంస్థ హైకోర్టులో ఓడి సుప్రీంకోర్టుకి వెళ్ళింది.

2006 ఫిబ్రవరిలో తీర్పొచ్చింది. చెరువు ప్రజల ఆస్తి, ప్రభుత్వం దానికి ధర్మకర్త మాత్రమే అని. ధర్మకర్త అంటే ఏమిటో తిరుపతిలో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. అయితే అప్పటికే ఇళ్ళు లేచాయి, డబ్బు ఖర్చయింది, మనుషులు కాపురాలున్నారు. పాత చెరువుని ఉన్నదున్నట్టు తిరిగి తేవడం కుదరదని కోర్టే ఒప్పుకుంది. ఇక కొత్త కట్టడాలు వద్దు, ఇంటి కప్పుల మీద పడే వాన నీళ్ళు పట్టాలి, కాలువలు బాగుచేయాలి, పేరూరులో కనీసం 50 ఎకరాల్లో నీళ్ళు ఇంకే చెరువు తవ్వాలి అంది.

వార్డ్ గెలిచినప్పుడు మ్యూజియం ఇంకా నక్షా మీదే ఉంది. మావాళ్ళు గెలిచేసరికి ఇళ్ళల్లో దీపాలు వెలుగుతున్నాయి. చెరువు నేల మీద చెరువు తవ్వమని కోర్టు చెప్పాల్సి వచ్చింది.