ఇంగ్లీషు నిఘంటువులో మన వలసలు

ఇంగ్లీషు భాష పెద్ద పట్టణం వంటిది. దానిలో స్థానికులకంటె వలస వచ్చినవారే ఎక్కువ. లాటిన్, ఫ్రెంచి, గ్రీకు మాటలు వేలకొలది అక్కడ కాపురం పెట్టి ఊరివాళ్లయిపోయినవి. మన దేశంనుండి వెళ్లిన మాటలు కూడ వందలలో ఉన్నవి. వాటిలో తెలుగు గడ్డతో సంబంధమున్నవి కొన్నే. కాని వాటి చరిత్ర వింటే, పరాయి సీమలలో తరతరాలుగా కాపురముంటున్న మనబోటి కుటుంబాల చరిత్రే విన్నట్లుంటుంది.

ఇట్టి మాటలను ఒకచోట చేర్చినవారు హెన్రీ యూల్, ఆర్థర్ కోక్ బర్నెల్ అనే ఇద్దరు దొరలు. బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసులో చేరి తంజావూరులో జడ్జీగా పనిచేసినవాడు. ఆయన 1882లో మరణించగా, 1886లో గ్రంథం వెలువడినది. దాని పేరు ‘హాబ్సన్-జాబ్సన్’. పీర్ల పండుగనాడు భక్తులు ‘యా హసన్, యా హుస్సేన్’ అని ఎలుగెత్తి అరచిన మాటలు తెల్ల సిపాయిల చెవినబడి, వారి దేశపు రెండు ఇంటిపేర్లుగా మారిపోయినవట! చెవి మారితే మాట ఎంత మారుతుందో ఆ పేరే చెబుతున్నది.

మొదట మన గిడ్డంగి సంగతి చూద్దాం. రైల్వే గూడ్సు ఆఫీసులో పనిచేసేవారికి ‘గోడౌను’ అనే మాట రోజూ నోట నానేదే. అది అచ్చమైన ఇంగ్లీషు మాట అనే చాలమంది నమ్మకం. సరుకు ‘కిందికి దించే’ చోటు గనుక ఆ పేరు వచ్చిందని సరదాగా అర్థం చెప్పేవారు కూడ ఉన్నారు. పండితులు చెప్పేది వేరు. తెలుగు గిడ్డంగి, తమిళ కిడంగు అనే మాటలు వర్తకులతోపాటు ఓడలెక్కి మలయా దీవులకు పోయి ‘గుదాంగ్’ అయినవి. అక్కడ పోర్చుగీసువారు దానిని అందుకొన్నారు. వారి వద్దనుండి ఇంగ్లీషువారికి చేరి ‘గోడౌన్’ అయి, తిరిగి మన రేవులలోనే దిగినది. సముద్రాలు తిరిగి టోపీ పెట్టుకొని ఇంటికి వచ్చిన పిల్లవాణ్ణి కన్నతల్లి గుర్తుపట్టనట్లు, మనం గిడ్డంగిని వదలి గోడౌనుకు మర్యాద చేస్తున్నాము.

గిడ్డంగి ఉన్నచోట పందికొక్కు ఉండక తప్పదు గదా! ‘బాండికూట్’ అనే ఇంగ్లీషు మాట మన పందికొక్కే. అది తెలుగునుండి వచ్చినదేనని నిఘంటువులు ఒప్పుకొంటున్నవి. 18వ శతాబ్దం చివర ఆస్ట్రేలియా చేరిన తెల్లవారు, అక్కడ పొడుగు మూతి జంతువు నొకదానిని చూచి దానికి ఈ పేరే పెట్టినారు. నిజానికి అది కొక్కు జాతిది కాదు. కంగారూవలె పిల్లను సంచిలో పెట్టుకొని పెంచే జాతి. ఐనా పేరు అంటుకొన్నది, జాతీయాలు కూడ పుట్టినవి. అక్కడ దిగులుపడిన మనిషిని ‘బాండికూట్‌లా దీనంగా ఉన్నాడు’ అంటారు. పైన ఆకు చెదరకుండ కిందనుండి బంగాళాదుంపలు తవ్వి దొంగిలించుటను ‘బాండికూట్ చేయుట’ అంటారు. మన ఊళ్లో ‘పందికొక్కులా మెక్కుతున్నాడు’ అని తిట్టించుకొన్న జీవి, పరదేశంలో జాలికి పాత్రమైనది!

మనం స్థిరపడిన సీమలనుండి కూడ మాటలు వెళ్లినవి. బొంబాయిలోని డోంగ్రీ ప్రాంతంలో అమ్మిన ముతక గుడ్డ పేరు ‘డంగరీ’ అయినది. నేడది కార్ఖానా పనివారు తొడుక్కొనే దుస్తుల పేరు. తమిళుల కట్టుమరం ‘కెటమరాన్’ అయి, ఇప్పుడు రెండు పొట్టల పడవకు చెల్లుతున్నది. 19వ శతాబ్దంలో గయ్యాళి స్త్రీని కూడ ఆ మాటతో వెక్కిరించేవారు. ఇక పూరీ జగన్నాథస్వామి పేరు ‘జగ్గర్‌నాట్’ అయి, అడ్డమొచ్చినదానినల్లా నలిపివేసే మహాశక్తి అనే అర్థం తెచ్చుకొన్నది. భక్తులు రథచక్రాల కిందపడి ప్రాణాలు విడుస్తారని ఐరోపా యాత్రికులు ప్రచారం చేసిన కథలే దీనికి కారణం. ఇంగ్లాండులో పెద్ద లారీకి కూడ ఈ పేరే వాడుతారు. లోకాన్ని కాపాడే స్వామి పేరు లోకాన్ని తొక్కే బండికి వచ్చినది!

ఇంతవరకు సరుకులు, జంతువులు, రథాలు. ఇక సంపద సంగతి. ఇంగ్లీషులో ‘గోల్కొండ’ అంటే తరగని నిధి. ఐతే గోల్కొండ వజ్రాలకు రాజధాని, బజారు మాత్రమే. గనులు కృష్ణాతీరాన కొల్లూరు మొదలగు చోట్ల ఉండేవి. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే కొల్లూరు గనిలో సుమారు 60,000 మంది పనిచేస్తున్నారని వ్రాసినాడు. స్త్రీలు, పిల్లలు కూడ మట్టి మోసేవారు. మరొక గనిలో పనివానికి ఏడాదికి దక్కేది 3 వరహాలే అని కూడ ఆయనే చెప్పినాడు. వజ్రం పేరు ఇంగ్లీషు నిఘంటువుకెక్కినది. తవ్విన చేయి ఎక్కలేదు.

మరి మనుషులకు ఏ పేర్లు దక్కినవి? పోర్చుగీసువారు మన తీరానికి వచ్చి, ముసల్మానులు కాని ఈ దేశస్థులను ‘జెంతియో’ అన్నారు. అన్యమతస్థుడని దాని అర్థం. ఇంగ్లీషువారు దానిని ‘జెంటూ’ చేసినారు. మద్రాసు దొరల వాడుకలో జెంటూ అంటే తెలుగువాడు, అతని భాష అని స్థిరపడినది. 1816లో ఎ. డి. కాంప్‌బెల్ వ్యాకరణం అచ్చయినప్పుడు, తెలుగు అంటే వాడుకలో జెంటూ అనబడేదే అని గ్రంథం పేరులోనే చెప్పుకోవలసి వచ్చినది. ఆ గ్రంథంలోనే ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్, తెలుగు సంస్కృతంనుండి పుట్టినది కాదనీ, తమిళ కన్నడాలతో ఒక కుటుంబానికి చెందినదనీ నిరూపించినాడు. కాల్డ్‌వెల్ గ్రంథం (1856) రావడానికి 40 ఏండ్ల ముందటి మాట ఇది. క్రమంగా జెంటూ వాడుక తప్పి, మన భాషకు దాని స్వంత పేరు దక్కినది.

బర్మాకు పోయినవారికి అంత అదృష్టం లేదు. యానాం పక్కనున్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1789 తుపాను, 1839 నవంబరు ఉప్పెన దానిని దెబ్బతీసినవి. కాని అక్కడినుండి ఓడలెక్కినవారి మూలంగా, బర్మాలో తెలుగు కూలివాడు ఏ ఊరివాడైనా ‘కోరంగీ’యే అయినాడు. రేవు పూడినా పేరు పోలేదు. 1930 మే నెలలో రంగూను రేవులో కూలి తగవు పెరిగి అల్లర్లలో తెలుగువారు ప్రాణాలు కోల్పోయినారు. 1942లో యుద్ధానికి వెరచి లక్షలాది భారతీయులు అడవిదారిని నడచి వచ్చినారు. మలయాలో ‘క్లింగ్’ అనే మాట కూడ ఇట్టిదే. అది మన కళింగం పేరునుండి పుట్టినది. రాజ్యాలేలిన దేశపు పేరు, కూలికి పోయినవారిమీద పడేసరికి తిట్టుగా మారినది.

ఇదంతా చూస్తే ఒక సంగతి తేలుతున్నది. సరుకుకు మర్యాద, మనిషికి మారుపేరు: ఇదీ నిఘంటువు చేసిన న్యాయం. మాటలో దోషం లేదు; పలికేవాని చూపులోనే ఉన్నది. ఈ నీతి మనకు కూడ వర్తిస్తుంది. తమిళ సోదరులను ‘అరవవారు’ అనడం మనకు అలవాటు. వారిలో చాలమందికి అది కిట్టదు. జెంటూ అనిపించుకొన్న జాతివారమై, ఇరుగుపొరుగును వారు కోరిన పేరుతో పిలవడం నేర్చుకోలేమా?

ఉగాదినాడు పంచాంగ శ్రవణం చేస్తాము. అది అయిన తరువాత పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని, వారి ఇంగ్లీషు పాఠంలోని గోడౌను మన గిడ్డంగి అనీ, బాండికూట్ మన పందికొక్కు అనీ చెప్పండి. వారు నవ్వుతారు, గుర్తుంచుకొంటారు. అప్పుడు కోరంగి కథ కూడ చెప్పండి. తవ్విన చేతుల సంగతి, ఓడలెక్కిన కాళ్ల సంగతి నిఘంటువులు చెప్పవు. ఇంటిలో పెద్దలే చెప్పాలి.